పోయినవాళ్ల పని ఎవరు రాయాలి?

సినిమావాళ్లు, టీవీవాళ్లు పోయినప్పుడు పత్రికల్లో వచ్చే నివాళి ఎలా ఉండాలి? ఒకే ఇంటివాళ్లు ఇద్దరు దీని మీద చాలాసేపు వాదించుకున్నారు. చిన్నాయన టీవీ స్టూడియోల్లో ఫ్లోర్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఉప్పల్‌లో పుట్టి పెరిగి, ఇప్పుడు నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో ఉంటున్నారు. అమ్మాయి ఆయన అన్న కూతురు. ఒక పత్రిక సినిమా పేజీలో పనిచేస్తుంది. ఎవరైనా నటుడో సాంకేతిక నిపుణుడో పోతే ఆ రాత్రికి రాత్రి రాయాల్సింది ఆమే. ఇద్దరి మాటలూ ఇక్కడ రాస్తున్నాను. ఒకటి రెండు చోట్ల ఉండబట్టలేక నా మాటా కలిపాను.

అమ్మాయి: 2022 డిసెంబరు 23న కైకాల సత్యనారాయణగారు పోయారు. ఆ వార్త పాతబడకముందే చలపతిరావుగారు పోయారు. ఇద్దరి మీదా వచ్చిన నివాళులన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను చిన్నాయనా. పేర్లు చెరిపేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. కృష్ణా జిల్లాలో పుట్టారు, ఫలానా సినిమాతో పరిచయమయ్యారు, ఎన్టీఆర్ ప్రోత్సహించారు, వందల సినిమాలు చేశారు, పరిశ్రమ తీరని లోటు అంది. ఇద్దరూ దానవీరశూరకర్ణలో ఉన్నారు. కైకాల భీముడు. చలపతిరావు ఒకటికి మించి వేషాలు కట్టారు. ఆ సినిమా తీసిన రామకృష్ణ స్టూడియో మన ఇంటికి ఎంత దూరం? నడిచిపోవచ్చు. అక్కడ ఆ ఇద్దరూ పని ఎలా చేశారన్నది మాత్రం ఏ నివాళిలోనూ ఒక్క వాక్యం లేదు.

చిన్నాయన: పేపర్ల మీకు ఇచ్చే జాగ ఎంత బిడ్డా? నాలుగు కాలమ్‌లు. అండ్ల పుట్టిన ఊరు, మొదటి సినిమా, పేరొచ్చిన వేషాలు రాస్తె సరిపోతది. ఆయన పని చూడాలంటె సినిమా ఉన్నది గద. భీముని వేషం ఎట్ల వేసిండో తెర మీద కనబడుతనే ఉన్నది. నటుడు వదిలిపెట్టి పోయేది అదే. దాని మీద నువ్వు నేను రాసేది ఏంది?

అమ్మాయి: తెర మీద కనబడేదే పని అయితే నీ మాట ఒప్పుకుందును. కానీ కైకాల తొలి రోజుల్లో కనబడకుండా ఉండే పని కూడా చేశారు. ఎన్టీఆర్‌తో పోలిక ఉందని ఆయనను డూప్‌గా నిలబెట్టారు. ఎన్టీఆర్ రెండు వేషాలు వేసిన సీన్లలో వీపు కెమెరాకు పెట్టి నిలబడడం, ఎదుటి మనిషి చూపు ఆనడానికి ఒక భుజం ఇవ్వడం. డూప్ ఎంత బాగా చేస్తే అంతగా కనబడడు. ప్రింటు వెయ్యిసార్లు చూసినా ఆ పని దొరకదు. అలా నిలబడే యువకుడు రోజూ ఏం చూశాడు? ఎన్టీఆర్ నడక, మెడ తిప్పడం, డైలాగు మధ్యలో ఆగడం, అన్నిటినీ అడుగు దూరం నుంచి చూశాడు. తర్వాత ఆయన యముడు వేసినా రావణుడు వేసినా ఆ చదువు ఎంతో కొంత పనిచేసి ఉండదా? ఇది నివాళిలో రాయాల్సిన సంగతి కాదా?

చిన్నాయన: డూప్ సంగతి అందరు రాస్తరు.

అమ్మాయి: ఒక్క వాక్యంలో, వింతగా రాస్తారు. చదువుగా రాయరు.

చిన్నాయన: సరె, ఆ మాట ఒప్పుకుంట. కని నీకు ఇంకోటి చెప్త. సినిమా పని అంటె మీకు ఏదో మాయ లెక్క కనబడుతది. మాకు అది డ్యూటీ. లైట్లు మోసిన్రు, కేబుల్ లాగిన్రు, పేకప్ అన్నంక ఆ రోజు బేటా పైసలు తీస్కొని ఇంటికి పోయిన్రు. ఆ రోజు చరిత్ర రాస్తున్నమని ఎవ్వరు అనుకోలే. ఇప్పుడు నువ్వొచ్చి వాళ్ల డ్యూటీని చరిత్ర అంటె, బతికున్నోళ్లు గుడ లేనివి కల్పించి చెప్పుడు షురూ చేస్తరు.

అమ్మాయి: డ్యూటీయే చరిత్ర చిన్నాయనా. నాచారం స్టూడియోనే తీసుకో. అక్కినేని బంజారాహిల్స్ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టింది 1976 జనవరిలో. అదే ఏడు ఎన్టీఆర్ ఇక్కడ రామకృష్ణ స్టూడియో పెట్టారు. అంతకు ముందు ఈ ఊళ్లో సినిమా అంటే అమీర్‌పేట సారథి స్టూడియో. పెద్ద సినిమా తీయాలంటే ఇంకా మద్రాసు పోవాల్సిందే. అలాంటి రోజుల్లో కొత్తగా పెట్టిన స్టూడియో పేరు మీద, దాదాపు నాలుగు గంటల పౌరాణికం 1977 సంక్రాంతికి విడుదలైంది. జనవరి 14. అదే రోజు కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు ఉన్న కురుక్షేత్రం కూడా వచ్చింది. అంటే ఏడాదైనా నిండని స్టూడియో పోటీ సినిమాకు తేదీ తప్పకుండా అంత పెద్ద పౌరాణికాన్ని ముగించింది. దర్శకుడు, నిర్మాత, కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు అన్నీ ఒక్క మనిషే. ఆ మనిషి సుయోధనుడి మేకప్‌లో కూర్చుంటే కెమెరా వెనక ఎవరు చూశారు? కర్ణుడి మేకప్ తీసి కృష్ణుడి మేకప్ వేసేలోపల ఫ్లోర్ మీద ఎంతమంది ఎదురుచూశారు, ఆ టైములో ఏ షాట్లు తీశారు? ఇది చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు.

చిన్నాయన: ఇగో, ఇది మాత్రం మంచి ప్రశ్న అడిగినవ్. నేను సినిమాల చేయలే గని, సినిమా కెమెరావాళ్లతోని తిరిగిన. ఒకే మనిషి రెండు వేషాలు ఒక ఫ్రేముల కనబడాలంటె అప్పుడు కంప్యూటర్ లేదు. మాస్క్ షాట్ తీస్తరు. లెన్సు ముందట సగం నల్లగ మూస్తరు. ఇటు సగంల కర్ణుడు. తర్వాత అదే ఫిల్ము వెనుకకు తిప్పుతరు, మూసిన సగం తెరిచి తెరిచిన సగం మూస్తరు. ఇప్పుడు అటు సగంల సుయోధనుడు. నడుమ మేకప్ మార్చుకునేటందుకు గంటో రెండు గంటలో పడుతది. ఆ సేపంత కెమెరా ఇసుమంత కదలొద్దు. లైటు మారొద్దు. నేల మీద గీసిన సున్నపు గీత ఎవ్వడు తొక్కొద్దు. ఒక్క అసిస్టెంటు కాలు స్టాండుకు తాకితె రెండు సగాల నడుమ గీత కనబడుతది, మొత్తం మల్ల తీయాలె. అందుకే మాస్క్ షాట్లు తక్కువ తీసి, సజెషన్ షాట్లు ఎక్కువ పెట్టుకుంటరు. డూప్ భుజం మీద నుంచి హీరో ముఖం.

అమ్మాయి: చూశావా? ఈ గంట రెండు గంటలు కదలకుండా కాపలా కాసిన మనిషి పేరు టైటిల్స్‌లో ఉంటుందా?

చిన్నాయన: కెమెరామన్ పేరు ఉంటది. దానవీరశూరకర్ణకు కన్నప్ప.

అమ్మాయి: కన్నప్పగారి పేరు ఉంటుంది. నిజానికి ఆయన పేరు దగ్గరైనా ఎంతమంది ప్రేక్షకులు ఆగారు? ఎన్టీఆర్ మూడు పాత్రలు వేశారని చెప్పుకోని ఇల్లు లేదు. ఆ మూడు పాత్రల్నీ ఒక ఫ్రేములో నిలబెట్టినవాళ్ల సంగతి చెప్పిన ఇల్లు ఎక్కడుంది? ముఖాలు మార్చిన మేకప్ విద్య సంగతీ అంతే. ఎన్టీఆర్ ముఖం మీద ఏళ్ల తరబడి పనిచేసిన పీతాంబరంగారు సినిమా నిర్మాత కూడా అయ్యారు. 1975లో అన్నదమ్ముల అనుబంధం ఆయన తీసిందే. ఆయన కొడుకు పి.వాసు దర్శకుడు. మనం ఇంతవరకే రాస్తాం: ఫలానా వారికి మేకప్‌మేన్, ఫలానా వారి తండ్రి. ఆయన చేతిపని ఏమిటో మాత్రం రాయం.

చిన్నాయన: మాటలు రాసినాయనది గుడ అంతే కదా?

అమ్మాయి: కొండవీటి వెంకటకవిగారు. అక్కడికే వస్తున్నాను. 1918లో పుట్టి 1991లో పోయారు. సంస్కృతాంధ్ర పండితుడు, పొన్నూరు భావనారాయణ సంస్కృత కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మనిషి, హేతువాదిగా పేరున్న కవి. ఆయన రాసిన సుయోధనుడి సభాప్రసంగాన్ని చదువు రానివాళ్లు కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. పెళ్లిపందిళ్లలో మైకులో వినిపించిన డైలాగులవి. వాటిని ఎన్టీఆర్ డైలాగులు అంటారే తప్ప కొండవీటి డైలాగులు అనరు. దేవుణ్ణీ పుట్టుకతో వచ్చే గొప్పనీ ప్రశ్నించిన కవి పౌరాణికానికి మాటలు రాయడానికి ఎందుకు ఒప్పుకున్నాడు? కులం పేరు చెప్పి కర్ణుణ్ణి అవమానించే సభలో సుయోధనుడి నోట వేసిన వాదన ఆయన జీవితమంతా చేసిన వాదనే కదా? ఈ సంగతి తెలిశాక ఆ సీను ఇంకో రకంగా వినబడుతుంది. ఇదంతా తెర మీదే ఉంది, కానీ రాసినాయన జీవితం తెలియకుండా వినబడదు. మంచి నివాళి చేయాల్సిన పని అది.

ఇక్కడ నా మాట ఒకటి. కొండవీటి వెంకటకవి విషయంలో అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమని నేను నమ్ముతాను. సినిమా రచయిత పోతే పాటల పేర్లో సినిమాల పేర్లో వరస పెట్టి ముగిస్తాం. ఆ మనిషి సినిమాకు రాకముందు నలభై యాభై ఏళ్లు ఏం చదివాడు, ఎవరితో వాదించాడు, ఏ నమ్మకంతో బతికాడు అన్నది అడగం. కలం అక్కడే తయారైంది కదా. అయితే తర్వాత చిన్నాయన లేవనెత్తిన అభ్యంతరాన్ని కూడా తేలిగ్గా తీసేయలేకపోయాను.

చిన్నాయన: బాగ చెప్పినవ్. కని వీటిల ఎన్ని నిజమని నీకు ఎట్ల తెలుసు? దానవీరశూరకర్ణ 43 రోజులల్ల తీసిన్రని ప్రతి పేపరు రాస్తది. 43 రోజులా, 43 పనిదినాలా? మొత్తం సినిమానా, ఎన్టీఆర్ కాల్‌షీటా? ఎవరు లెక్క చూసిన్రు? చలపతిరావు సినిమాలు ఒకడు 600 అని రాసిండు, ఇంకొకడు 1200 అని రాసిండు. సచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదనడు గద. ఒకడు రాస్తడు, పదిమంది దాన్నే రాస్తరు, పదేండ్లకు అదే సత్యం అయితది. నువ్వు ముసలోళ్ల దగ్గరికి పోయి పనిగురించి అడిగితె, వాళ్లు గుడ విన్నదే చెప్తరు. చూసింది ఏదో విన్నది ఏదో వాళ్లకే తెల్వదు. అందుకే అంటున్న, సినిమా చూడు, చాలు. ప్రింటు అబద్ధం ఆడదు.

అమ్మాయి: ప్రింటు ఉంటే కదా! మన మొదటి టాకీ భక్తప్రహ్లాద ప్రింటు ఎక్కడుంది? ఆ సినిమా విడుదల తేదీయే దశాబ్దాల పాటు తప్పు చెప్పుకున్నాం. 1931 సెప్టెంబరు 15 అని సభలు జరుపుకున్నాం. పరిశోధకుడు రెంటాల జయదేవ వెతికితే సెన్సారు అయిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అనీ తేలింది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి గురించీ, సురభి కమలాబాయి గురించీ అన్నేళ్లు రాసినవాళ్లంతా ఆ తప్పునే మోశారు. రెడ్డి, కమలాబాయి బతికి ఉన్నప్పుడే ఎవరైనా కూర్చుని కాగితాలతో సహా రాసుకుని ఉంటే ఆ తప్పు పుట్టేదే కాదు.

చిన్నాయన: నువ్వే నా దారికి వచ్చినవ్ చూడు! తప్పును దిద్దింది ఏంది? ముసలోళ్ల జ్ఞాపకం కాదు, సెన్సారు కాగితం. నేను అదే చెప్తున్న. జ్ఞాపకాలు రాయకు, కాగితం దొరికితె రాయి.

అమ్మాయి: ...అవును. ఆ మాట నిజం. జ్ఞాపకం ఒక్కటే చాలదు.

చిన్నాయన: చాలదు. నేను ఫ్లోర్ మీద ఉన్ననాటివే నాకు తారుమారు అయితయి.

అమ్మాయి: అయితే కాగితం ఎక్కడుందో చెప్పేది ఎవరు? ఆ ముసలివాళ్లే కదా. అసిస్టెంట్ డైరెక్టర్ల దగ్గర కంటిన్యుటీ పుస్తకాలు ఉంటాయి. ఏ షాట్‌లో ఏ నగ వేశారు, కిరీటం ఏ వైపు వంగింది, ఏ రోజు ఏ సెట్టు, అన్నీ అందులో ఉంటాయి. ప్రొడక్షన్ మేనేజర్ల దగ్గర వోచర్లు ఉంటాయి. స్టిల్ ఫొటోగ్రాఫర్ దగ్గర నెగటివ్‌లు ఉంటాయి. నీ 43 రోజుల లెక్క తేల్చగలిగేవి అవే. అవి ఏ అటక మీద ఉన్నాయో తెలిసిన మనిషి పోతే, పదిహేను రోజుల్లో ఇల్లు సర్దుతారు, అటక ఖాళీ అవుతుంది. నేను నివాళి రాసే రాత్రికే చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది.

చిన్నాయన: సినిమాకు ఈ కాగితాలన్న ఉన్నయి. టీవీకి అవి గుడ లేవు. మా పని గాలిల పోయింది.

అమ్మాయి: అందుకే నిన్ను శాంతిస్వరూప్‌గారి గురించి అడగాలనుకున్నాను. ఆయన పోయింది 2024 ఏప్రిల్ 5న. ఆ రోజు ఫోన్ మీద ఫోన్. తెలుగులో తొలి టీవీ న్యూస్ రీడర్ అని అందరం శీర్షిక పెట్టాం.

చిన్నాయన (కొంచెంసేపు ఆగి): హైదరాబాద్ దూరదర్శన్ షురూ అయింది 1977 అక్టోబరు 23న. ఈయన 78ల చేరిండు. తెలుగు వార్తలు మొదలైంది మాత్రం 1983 నవంబర్ 14న. అంటె చేరిన అయిదేండ్లకు. మన రామంతాపూర్ నుంచి ఉప్పల్ చౌరస్త దాంక ఏ ఇంట్ల టీవీ ఉంటె ఆ ఇంటి ముంగట సాయంత్రం మంది కూడేది. నాకు ఆయన వార్తలంటె యాదికొచ్చేది ఏందో తెలుసా? కాగితం దిక్కు చూడకుంట మన దిక్కు చూసి చదువుడు. అప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. బులెటిన్ మొత్తం కంఠస్థం చేసేది. ఒక్కరోజు కాదు, ఏండ్లకు ఏండ్లు. లైవ్ అది. తప్పు పోతె కట్ చేసి మల్ల తీసేది లేదు. ఆఖరు నిమిషంల వార్త మారితె కొత్త కాగితం వస్తది, దాన్ని ఒక్కసారి చూసుకొని చెప్పాలె. పేర్లు, అంకెలు, ఊర్లు. ఒక ఊరి పేరు తప్పు చదివితె ఆ ఊరోళ్లు ఊకుంటరా?

అమ్మాయి: నువ్వు ఇప్పుడు చెప్పింది టేపు చూస్తే తెలుస్తుందా?

చిన్నాయన: ...తెల్వది. చూసేటోళ్లకు సక్కగ చదువుతున్నట్టే కనబడుతది. ఇయ్యాల్టి పిల్లలు చూస్తె, ఎదురుగ స్క్రీన్ మీద చూసి చదువుతున్నడు అనుకుంటరు.

అమ్మాయి: అదే నా వాదన అంతా. టేపు పదిలంగా ఉన్నా ఆ పని అందులో దాగి ఉంటుంది. ఇక టేపే లేకపోతే? టీవీ తొలి రోజుల్లో టేపు ఖరీదు. ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేయడం ప్రపంచమంతా ఉన్న అలవాటు. బీబీసీ అంతటి సంస్థ డాక్టర్ హూ సీరియల్ పాత భాగాలు దాదాపు వంద పోగొట్టుకుంది. లైవ్ వార్తల గతి వేరే చెప్పాలా? శాంతిస్వరూప్ 2011లో రిటైరయ్యారు. ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్లు బతికి ఉన్నారు. ఆ ఏళ్లలో ఎవరైనా ఒక్కరోజు ఆయన ఎదుట కూర్చుని, బులెటిన్ ఎలా కంఠస్థం చేసేవారు, మొదట అంకెలా పేర్లా, ఇంట్లోనా ఆఫీసులోనా, గొంతు బాగాలేని రోజు ఏం చేసేవారు, అని వివరంగా అడిగి ఉంటే న్యూస్ రీడర్ కావాలనుకునే పిల్లలకు అది పాఠం అయ్యేది. ఆయన నవలలు కూడా రాశారు. భోపాల్ దుర్ఘటన మీద రాతి మేఘం, సతీసహగమనానికి వ్యతిరేకంగా అర్ధాగ్ని, క్రికెట్ మీద క్రేజ్. వార్తగా చదివి వదిలేయలేని సంగతుల్నే నవలలుగా రాశారేమో అనిపిస్తుంది నాకు. ఆ సంబంధం ఆయన బతికి ఉండగా అడగాల్సింది.

చిన్నాయన: అడగాల్సింది. అది మాత్రం నిజం.

అమ్మాయి: ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారు 2013 డిసెంబరు 7న పోతే, అందరం నువ్వు నేను సినిమాలో లెక్చరర్ అని రాశాం. దూరదర్శన్‌లో ఆనందో బ్రహ్మ చేసిన మనిషి అన్నది ఒక వాక్యం. రాయడం, తీయడం, నటించడం మూడూ ఆయనే నేర్చుకుని చేసిన చోటు అది. అక్కడ మాట ఎంతసేపు ఆపితే నవ్వు వస్తుందో నేర్చుకున్నాకే కదా సినిమాలో రెండు నిమిషాల వేషం కూడా నిలబడింది?

చిన్నాయన: బిడ్డా, ఇప్పుడు నా అసలు మాట చెప్త. ఇంతసేపు ప్రింటు, కాగితం అన్న గని, నాకు భయం ఇంకోటి ఉన్నది. మీ పేపర్లు, టీవీలు తెరవెనుకోళ్ల గురించి రాసేది ఎప్పుడు? వాడు దవాఖానల ఉన్నప్పుడు. కిరాయి కట్టలేక ఉన్నప్పుడు. పాత నటికి అన్నం లేదని కెమెరా పట్టుకొని ఆమె వంటింట్లకు పోతరు. అడ్డం పడ్డ మనిషిని అట్లనే చూపిస్తరు. సచ్చినంక దయనీయ స్థితిలో కన్నుమూత అని పెద్ద అక్షరాలు. వాడు నలభై ఏండ్లు లైట్ పట్టిండు, ఒక్కసారి గుడ వాని లైటు గురించి అడగలే. వాని అప్పు గురించి అడిగిన్రు. ఇట్ల రాసేదానికన్న రాయకపోవుడు మర్యాద. మా దోస్తులల్ల కొందరు పిల్లలకు ముందే చెప్పి పెట్టిన్రు, మేము పోతె పేపరోళ్లకు చెప్పకున్రి అని.

అమ్మాయి: ఈ మాట మొదటే చెప్పి ఉంటే నీతో ఇంత వాదించేదాన్ని కాదు చిన్నాయనా. ఇందులో నేను నీ పక్షమే. మనిషి పేదరికాన్ని చూపించడం నివాళి కాదు. ఆ అప్పు ఎందుకు వచ్చిందో, రోజుకూలీ పద్ధతిలో పనిచేయించుకున్న పరిశ్రమ రిటైరైనవాళ్లకు ఏం మిగిల్చిందో రాయదలిస్తే అది వేరే వ్యాసం. బతికున్నవాళ్ల కోసం రాయాలి, గట్టిగా రాయాలి. పోయిన మనిషి వంటగదిలో నుంచి కాదు. నివాళిలో ఆయన చేతిపని రావాలి. లైట్‌మేన్ అయితే ఎన్టీఆర్ కిరీటం మీద లైటు తళుక్కుమని కొట్టకుండా ఏం అడ్డం పెట్టాడో రాయాలి.

చిన్నాయన: నెట్ క్లాత్ కడుతరు. లేదంటె లైటును పక్కకు తిప్పి థర్మాకోల్ మీద కొట్టి వెనుకకు మలుపుతరు. నగల మీదికి పలచగ సబ్బు రాసేటోళ్లు గుడ ఉండె.

అమ్మాయి: చూశావా, ఇది ఏ నివాళిలోనైనా చదివావా?

చిన్నాయన: ఇంకోటి ఉన్నది. మన స్టూడియో సంగతే తీస్కో. నాచారం స్టూడియో అంటె జనానికి యాదికొచ్చేది ఏంది? 1984 ఆగస్టు. ఎన్టీఆర్‌ను దించినప్పుడు ఎమ్మెల్యేలను అండ్ల పెట్టింది, ఆడికెళ్లి కర్ణాటక తీస్కపోయింది, సెప్టెంబరుల మల్ల ముఖ్యమంత్రి అయింది. రాజకీయం యాదికున్నది, సినిమా పోయింది. హరికృష్ణ 2018ల యాక్సిడెంట్ల పోతె ఎన్టీఆర్ చైతన్యరథం నడిపిన కొడుకు అని రాసిన్రు. దానవీరశూరకర్ణల అర్జునుడు వేసిండన్నది ఎంతమందికి యాదికున్నది? జాగకు గుర్తుగ మిగిలేది పనిచేసినోళ్లు కాదు బిడ్డా, పేరున్నోళ్లు.

అమ్మాయి: ఆ జాగ పేరే పోయిన మనిషి పేరు కదా. 1962లో చిన్నతనంలోనే పోయిన పెద్దకొడుకు రామకృష్ణ జ్ఞాపకంగా ఎన్టీఆర్ పెట్టిన పేరది. ఒక తండ్రి తన దుఃఖాన్ని ఫ్లోర్లుగా, లైట్లుగా, పదిమందికి పనిగా మార్చాడు. నాకు ఆ స్టూడియో గేటు ముందు నుంచి పోతున్నప్పుడు ఎమ్మెల్యేల కంటే ముందు ఆ సంగతే గుర్తుకొస్తుంది. ఆ పేరు పెట్టిన మనిషీ 1996 జనవరి 18న పోయారు. వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర దాకా, ఆ తర్వాత బ్రహ్మర్షి విశ్వామిత్ర దాకా ఆయన పౌరాణికాల వెంట నడిచినవాళ్లలో కెమెరావాళ్లు, కాస్ట్యూమర్లు, సెట్టు కట్టిన వడ్రంగులు, కిరీటాలకు రంగువేసినవాళ్లు ఎంతమంది! సినిమా అంతా పడమటికి, కృష్ణానగర్‌కూ ఫిల్మ్‌నగర్‌కూ తరలిపోయింది. ఈ తూర్పు పక్కన మిగిలిపోయినవాళ్ల దగ్గరికి ఇంటర్వ్యూకు ఎవరూ రారు. వాళ్లు పోయినప్పుడు మా పేజీకి కబురు కూడా రాదు.

చిన్నాయన: మరి ఏం చేద్దమంటవ్? మ్యూజియం కడుతవా?

అమ్మాయి: మ్యూజియం నా చేతిలో లేదు. నివాళి రాయడం నా చేతిలో ఉంది. ఇకనుంచి పోయిన మనిషి గురించి ఆయనతో కలిసి పనిచేసిన ఇద్దరినైనా అడగకుండా రాయను. సినిమాల సంఖ్య తేలకపోతే సంఖ్య రాయను. చేసిన పని ఒక్కటైనా, ఎలా చేశారో తెలిసేలా రాస్తాను. ఆ మాట ఎవరు చెప్పారో కూడా రాస్తాను.

చిన్నాయన: ఇద్దరు చెప్పింది కలవకపోతె?

అమ్మాయి: రెండూ రాస్తాను. ఇద్దరు ఇలా చెప్పారు అని.

చిన్నాయన: అట్లయితె రాయి. దయ చూపకు, పని చూపు. ఇంకో మాట. సచ్చినంక పోకు, బతికున్నప్పుడే పో. మా ఫ్లోర్ మనుషుల పేర్లు నేను చెప్త. ఫోన్ చేసి పో, చెప్పకుంట పోకు. మధ్యాహ్నం పో, అప్పుడు ఖాళీగ ఉంటరు.

వాదన ఇక్కడితో తెగలేదు, ప్రింటు చాలునన్న మాట చిన్నాయన పూర్తిగా వదులుకోనూ లేదు. నా తీర్పు మాత్రం అమ్మాయి వైపే. అయితే ఆయన పెట్టిన రెండు షరతులతో: కాగితం లేని అంకె రాయకూడదు, మనిషి దురవస్థను బొమ్మ కట్టకూడదు.

నాచారం, ఉప్పల్, రామంతాపూర్, మల్లాపూర్, హబ్సిగూడల్లో సినిమా స్టూడియోల్లోనో టీవీలోనో పనిచేసిన మనుషులున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ ఇల్లు అలాంటిదైతే ఒక విన్నపం. అటక మీది పాత కాల్‌షీట్లు, వోచర్లు, కంటిన్యుటీ పుస్తకాలు, స్క్రిప్టు కాగితాలు, స్టిల్స్ పాత సామాను వాడికి వేసేయకండి. ఫొటోలో ఎడమ నుంచి వరసగా ఎవరున్నారో, ఏ సెట్టో, ఏ సంవత్సరమో పెద్దవాళ్లను అడిగి వెనకవైపు పెన్సిల్‌తో ఇప్పుడే రాయండి. వాళ్లు చేసిన పని గురించి అడిగి, వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ చెప్పి దాచండి.